నీళ్ల బీరువాలో నా చోటు

మా ఇంట్లో ఆరిన బట్టలు తీసే పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే తీసుకున్నాను. కర్నూలు ఎండకు దుప్పటి ఆరేసి, ఇటు తిరిగి అటు చూసేలోపు అప్పడంలా పెళపెళలాడుతుంది. అయినా సాయంత్రం నేను స్కూలు ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళితే వీధి దీపాలు వెలిగేదాకా లోపలికి వచ్చేదాన్ని కాదు. దీనివల్ల అమ్మకు నా పనితనం మీద గొప్ప అభిప్రాయం ఏర్పడింది. "మా పాప మడత పెడితే ఇస్త్రీ అవసరమే ఉండదు, అంత నిదానంగా చేస్తాది" అని కింది అంతస్తు ఆంటీతో చెప్పుకునేది.

మడతలు నిమిషాల్లో అయిపోయేవి. మిగతా సమయమంతా, ఆరేసిన రెండు దుప్పట్ల వెనక, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని.

మేముండేది తొమ్మిదో అంతస్తు. బాల్కనీ ఈశాన్యం మూలన కూర్చుంటే కమ్మీల సందుల్లోంచి దూరంగా తుంగభద్ర కనబడుతుంది. నీళ్లున్నప్పుడు ఏరు, లేనప్పుడు ఇసుక. ఎండ పడమటి వైపు ఉడికిస్తూంటే ఆ మూలకు మాత్రం నీడ వస్తుంది, అప్పుడప్పుడు గాలి కూడా. ముందు దుప్పట్లు, వెనక గోడ. నన్నెవరూ చూడరు. నాకు కావలసింది ఇదే. ఎవరైనా చూస్తూంటే నేను చదవలేను. "ఏం చదువుతాండావు?" అని అడిగితే చాలు, దొంగసొత్తు పట్టుబడినట్టు పుస్తకం మూసేస్తాను. పడకగదిలో చదువుదామంటే అక్కడ నాతోపాటు అవ్వ ఉంటుంది. కోసిగి దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతో ఉంటున్న నాయన తల్లి. అన్నం తిన్న వెంటనే పడుకుంటుంది. లైటు వేశానంటే, "కండ్లల్లో కారం కొట్టినట్లుండాది, ఆపుమే" అంటుంది. హాల్లో నాయన, టీవీ. వంటింట్లో అమ్మ, కుక్కరు. నాకు మిగిలింది దుప్పట్ల వెనక చోటు.

ఆ చోటుకు ముప్పు బాత్రూం వైపు నుంచి వచ్చింది. గోడ చెమర్చి సున్నం పెచ్చులుగా రాలుతూంటే, పాతబస్తీ నుంచి ఒక మేస్త్రీని పిలిపించారు. ఆయన గోడను వేలితో కొట్టి, చెవి ఆనించి విని, డాక్టరులా తల అడ్డంగా ఊపాడు.

"బాత్రూం అంతా తవ్వల్ల సార్. ఎట్లాగూ తవ్వుతాం కాబట్టి, వంటిల్లు కూడా చేసుకుంటే బాగుంటాది. వంటిల్లు చేస్తే హాలు పాతగా కనబడతాది. హాలు చేస్తే..."

"భాయ్, నువ్వు ఆగకపోతే కింది ఆంటీ వాళ్లింటి దాకా పోతావ్" అన్నాడు నాయన. కానీ ఆయన కళ్లు అప్పటికే మెరుస్తున్నాయి.

మేస్త్రీ మంచి పనివాడే. ఆయనకున్న జబ్బు ఒక్కటే, ఫాల్స్ సీలింగు. ఏ సమస్య చెప్పినా మందు అదే. హాలు ఇరుకంటే ఫాల్స్ సీలింగు వేస్తే వెడల్పుగా కనబడుతుంది. వేడంటే ఫాల్స్ సీలింగు వేస్తే చల్లగా ఉంటుంది. అవ్వ మోకాళ్ల నొప్పుల గురించి చెబితే కూడా ఆయన ఒకసారి పైకి చూశాడు.

ఆ ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఎవరికేం కావాలో అడిగాడు. ముందు నాయన. మా నాయనకు విత్తనాల అంగడి ఉంది, బ్యాంకులో నాలుగు రూకలు ఉన్నాయి, కుళాయి తిప్పితే పగలూ రాత్రీ నీళ్లు వస్తాయి. అయినా ఆయన పుట్టి పెరిగింది కోసిగి పక్క, నీటి కరువు పల్లెలో. ఇంట్లో నీళ్లు నిలవ లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు. బాత్రూంలో ఒక నీలం డ్రమ్ము, వంటింటి పక్కన ఒకటి, పడకగది తలుపు వెనక ఇంకొకటి. ఆ తలుపు అందుకే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది.

"బాల్కనీ గోడ తీసేసి హాల్లో కలుపు భాయ్. హాలు పెద్దదైతాది, పెద్ద టీవీ పెట్టుకోవచ్చు. ఆ ఈశాన్యం మూలన కింద నుంచి పైదాకా ఒక బీరువా కట్టు. డ్రమ్ములన్నీ దాంట్లో పెడతా. ఈశాన్యంలో నీళ్లుండల్ల, శాస్త్రం కూడా అదే చెప్తాది."

"నీళ్లకు బీరువానా?" అంది అమ్మ. "తాళం కూడా పెడతావా?"

"పెడితే తప్పేముండాది?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను. తర్వాత లెక్క వేసుకున్నాను. నా బకెట్టు ఉండే చోట బీరువా వస్తుంది. నా దుప్పట్ల తీగ పోతుంది. తొమ్మిదో అంతస్తులో నాకున్న జానెడు నీడ, నీళ్ల డ్రమ్ములకు పడకగది అవుతుంది.

అమ్మ తనకు కావలసింది చెప్పింది. వడియాలూ మిరపకాయలూ ఆరబోసుకునేందుకు ఎండ తగిలే చోటు, బట్టలకు పైకి లాగే తీగలు. అవ్వ రొట్టె గురించి చెప్పింది. ఆమె జొన్నరొట్టె నిలబడి తట్టదు. కాళ్లు చాపుకుని కూర్చుని, పీట మీద పిండి పెట్టి, రెండు చేతులా తిప్పుతూ తడుతుంది. అందుకోసం వంటింట్లో నేల మీద ఒక ఒంటి పొయ్యి పెట్టుకుంది. అందరం దాన్ని దాటుకుంటూ తిరుగుతాం.

"నిలబడి తట్టింది రొట్టె గాదు, తపాలా ముద్ర. నాకు నేల మీద పొయ్యి కావల్ల, వీపుకు గోడ కావల్ల. అంతే."

"ఇప్పుడంతా మాడ్యులర్ కిచెన్ అవ్వా..." అని మేస్త్రీ ఏదో చెప్పబోయాడు.

"దాంట్లో కూర్చునేకి చోటుండాదా?"

లేదని ఒప్పుకున్నాడు. తర్వాత నా వంతు వచ్చింది. "నీకేం కావల్ల పాపా?"

గొంతులో మాట తయారుగా ఉంది. 'ఆ మూల' అంటే చాలు. కానీ ఆ వెంటనే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే, ఇన్నాళ్లూ బట్టలు తీసే వంకతో ఏం చేశానో చెప్పాలి. అందరూ నావైపే చూస్తున్నారు. "ఏమొద్దు" అన్నాను.

"పాపకు డ్రెస్సింగ్ టేబులు పెడదాం సార్. అద్దం చుట్టూ బల్బులు. గులాబీ రంగు" అని మేస్త్రీ నా తరఫున నిర్ణయించేశాడు.

ఆ రోజు డైరీలో, రెండు పేజీల నిండా, నేను చెప్పాల్సిన మాటలు చాలా ధైర్యంగా రాసుకున్నాను.

పనులు మొదలయ్యే ముందు అవ్వ అడ్డం తిరిగింది. "ముగ్గు పొయ్యకుండానే గోడలు పడగొడతారా? మా ఊర్లో పశువుల కొట్టం కట్టినా ముందు ముగ్గు పోస్తారు. దాంట్లో నిలబడి చూసుకుంటే గదా, తలకాయ యాడ పెట్టేది, కాళ్లు యాడ చాపేది తెలిసేది."

"అవ్వా, పునాదులు కింద ఎప్పుడో పోసినారు. ఇది తొమ్మిదో అంతస్తు" అన్నాడు మేస్త్రీ, ఫోనులో రంగురంగుల బొమ్మ చూపిస్తూ. ఆ బొమ్మలో మా హాల్లో ఎవరో తెల్లతోలు మనుషులు కాఫీ తాగుతున్నారు.

అవ్వ ఫోనును దూరంగా పట్టుకుని చూసింది. "వీళ్లెవురు? వీళ్లు గూడా మనతోనే ఉంటారా?"

చివరికి అవ్వ మాటే నెగ్గింది. మేస్త్రీ టేపు పట్టుకుని కొలతలు చెబుతుంటే, అమ్మా నేనూ నేల మీద ముగ్గు పిండితో గీతలు వేశాం. కొత్త బాత్రూం హాల్లోకి ఎంత జరుగుతుందో అంత. టీవీ బల్ల, చుట్టాల కోసం పెద్ద సోఫా, భోజనాల బల్ల, అవ్వ పొయ్యి. బాల్కనీ మూలన, నా చేతులతో నేనే, నీళ్ల బీరువాకు నాలుగు గీతలు గీశాను. ఒక గీత వంకర పోయింది. "బీరువా ఒళ్లు విరుచుకుంటాండాది" అన్నాడు నాయన.

వచ్చే ఆదివారం దాకా ఆ గీతల ప్రకారమే మసలాలని అవ్వ ఆజ్ఞ. తలుపున్న చోటే దాటాలి. గోడ ఉన్న చోట ఆగాలి.

అలాంటి వారాన్ని మా ఇల్లు అంతకు ముందు చూడలేదు. నాయన టవలు భుజాన వేసుకుని బాత్రూంకు పోతుంటే అవ్వ కేకేసేది. "ఒరేయ్, గోడలోంచి పోతాండావ్!" ఆయన వెనక్కి వచ్చి, గీతల మధ్య వదిలిన ఖాళీలోంచి, తలుపు తీసినట్టు చెయ్యి ఊపి మరీ వెళ్లేవాడు. అమ్మ కూరగిన్నె పట్టుకుని భోజనాల బల్ల చుట్టూ తిరిగి, సోఫాకీ బల్లకీ మధ్య నడుము పక్కకు తిప్పి, "దీంట్లోంచి పోవల్లంటే నేను ఒక పూట తిండి మానల్ల" అని తేల్చింది. ఆ రోజే బల్ల ఒక జానెడు చిన్నదైంది.

మధ్యలో ఒకరోజు కింది అంతస్తు ఆంటీ వచ్చింది. అవ్వ రొట్టె తట్టే చప్పుడు వాళ్ల పడకగదిలో డప్పు కొట్టినట్టు వినిపిస్తుందని ఆమె ఫిర్యాదు. నేరుగా గోడలోంచి నడిచి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంది. మేమంతా ఆమె కాళ్లకేసి చూస్తూండిపోయాం.

"ఏమైంది అక్కా, అట్ల చూస్తాండారు?"

"ఏం లేదులే. నువ్వు మా బాత్రూంలో కూర్చోనుండావు" అంది అవ్వ.

ఆంటీ ఉలిక్కిపడి లేచిన తీరుకు నాయన టీ ముక్కులోంచి వచ్చింది. తర్వాత సంగతి విని ఆంటీ కూడా నవ్వి, రొట్టెలు రెండు తిని, చప్పుడు మాట మరిచిపోయి వెళ్లింది. అవ్వ మాత్రం మరవలేదు. మరుసటి రోజు నుంచి పీట కింద పాత గోనెసంచి మడిచి వేసుకుంది.

ఈ సందడిలో నేను సాయంత్రాలు మామూలుగానే బట్టలు తీయడానికి వెళ్లేదాన్ని. ఇంక కొన్నాళ్లే అని తెలిసి ఇంకాస్త ముందే వెళ్లేదాన్ని. బకెట్టును మేస్త్రీ మనుషులు సిమెంటు కలపడానికి తీసిపెట్టుకున్నారు. నేల మీదే కూర్చునేదాన్ని, నీళ్ల బీరువా నడిమధ్యన, గీసిన గోడలకు వీపు ఆనకపోయినా ఆనినట్టే అనుకుంటూ. చదువుతున్న నవల అయిపోవస్తోంది. ఈ మూలా ఆ నవలా ఒకేసారి ముగుస్తాయేమోనని, పేజీలు మెల్లగా తిప్పేదాన్ని. ఎలా చెప్పాలో రోజూ మనసులో నాటకం వేసుకునేదాన్ని. ఆ నాటకంలో నాయన ప్రతిసారీ వెంటనే ఒప్పుకునేవాడు. అసలు నాటకంలో ముందు మాట్లాడాల్సింది నేనే కాబట్టి తెర లేచేది కాదు.

ఆదివారం సాయంత్రం మేస్త్రీ అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. "పాపా, మేస్త్రీ వచ్చినాడు, టీ పెట్టుదువు రా" అని అమ్మ కేకేస్తే, గబగబా లేచి, బట్టలు చేతుల మీద వేసుకుని హాల్లోంచి వంటింట్లోకి నడిచాను. అప్పటికే అందరూ గీతలు చూసుకుంటూ నిలబడి ఉన్నారు.

"ఆగుమే" అంది అవ్వ.

ఆగాను.

"తిరుగు. అట్ల గాదు, అటు తిరుగు."

తిరిగాను. నా నీలం చుడీదారు వెనక భాగంలో, గుండ్రంగా, తెల్లగా, పిండి. రొట్టె అంత పెద్దది.

"ఏమ్మే, యాడ కూర్చున్యావ్?"

నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. నా చుడీదారు అంచుల నుంచి రాలిన ముగ్గు, బాల్కనీ నుంచి వంటింటి దాకా చుక్కలు చుక్కలుగా దారి చూపిస్తోంది. నాయన ముందు, అమ్మ వెనక, మేస్త్రీ టేపుతో సహా, అందరూ ఆ చుక్కలు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. దుప్పట్లు పక్కకు జరిపారు.

హాల్లో చుట్టాల సోఫా గీతలు వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పెద్ద టీవీ బల్ల గీతలు కూడా. అటు ఎవరూ పోలేదు, అక్కడ ఎవరికీ పని పడలేదు. నీళ్ల బీరువాలో మాత్రం వారం రోజుల సంసారం జరిగినట్టుంది. ముందు గీత చెరిగిపోయి, నడుమ నేల నున్నగా తుడుచుకుపోయి, కాళ్లు ముడుచుకున్న చోట రెండు అరచందమామలు. మూలన నవల బోర్లా పడి ఉంది.

"నీళ్ల బీరువాలో కాపురం పెట్టినావా?" అన్నాడు నాయన. "మునిగిపోలేదా పాపా?"

అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ మేస్త్రీ నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. అమ్మ మాత్రం నవ్వలేదు. దుప్పటినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "అయితే... బట్టలు తీసేకి పోతే గంటలు గంటలు పట్టేది ఇందుకా! నేను ఊరంతా చెప్పుకున్యా గదమే, మడతలు, మడతలు అని!"

అప్పుడు నాకు కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వు మీదే, అది ఆగిపోయేలోపు, మాట బయటికి తోసేశాను. "నాయనా, ఈడ నేను చదువుకుంటా. రోజూ. నాకు డ్రెస్సింగ్ టేబులు వొద్దు. ఈ మూల కావల్ల."

రాసిపెట్టుకున్న రెండు పేజీల్లోంచి వచ్చింది అంతే. అయినా నేను అందరి ముందు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి చాలా కాలమైంది. నాయన నవ్వు ఆపేశాడు.

"రోజూనా?"

"రోజూ."

ఆయన కమ్మీలు పట్టుకుని ఏటివైపు చూశాడు. ఏట్లో అప్పుడు ఇసుకే ఎక్కువ ఉంది. "మరి నీళ్లు?" అన్నాడు. ఆ రెండు మాటలూ చిన్నపిల్లవాడు అడిగినట్టు ఉన్నాయి. "నీకు తెల్దు పాపా. పొద్దున లేస్తూనే మా అమ్మ కడవలో చెంబు ముంచితే, అడుగున గీసుకున్న సప్పుడు వస్తాండె. ఆ సప్పుడు ఇంగా నా చెవుల్లోనే ఉండాది."

అవ్వ చీర కొంగు సర్దుకుంది. డ్రమ్ముల గురించి మేం వేసిన జోకులన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన బీరువా లాక్కోవాలని నాకు లేదు. నా మూల వదులుకోవాలని కూడా లేదు.

మాట్లాడటం కంటే గీయడం నాకు తేలిక. ముగ్గు డబ్బా తెచ్చాను. చెరిగిన గీతల మీదే, గోడ పక్కన పొడుగ్గా, మనిషి కాళ్లు చాపుకునేంత అరుగు ఒకటి గీశాను. దాని పక్కనే గోడ మీద ముగ్గు వేలితో ఎత్తు చూపించాను, మోకాలి దాకా. "పైన బండ. కింద ఖాళీ. డ్రమ్ములు గాకుండా, పొట్టి క్యాన్లు పడతాయి, నాయనా. ఈశాన్యంలోనే ఉంటాయి."

నాయన లోపలికి పోయి, తాగేనీళ్ల క్యాను ఒకటి మోసుకొచ్చాడు. దాన్ని పడుకోబెట్టి, నిలబెట్టి, గోడ మీది గీతతో సరిచూశాడు. ఇంకోదానికి చోటుందా అని మేస్త్రీని అడిగాడు. వరసగా ఎన్ని పడతాయో మేస్త్రీ టేపుతో కొలిచి చెబితే, పెదవులు కదుపుతూ డ్రమ్ముల నీళ్లతో పోల్చుకున్నాడు.

"ఒక డ్రమ్ము మాత్రం బాత్రూంలో ఉంటాది" అన్నాడు చివరికి, బేరం ముగిస్తూ.

"పడకగది తలుపు వెనకది తీసెయ్యి, ముందు" అంది అమ్మ.

"గోడ తీసేది లేదా సార్, అయితే? పెద్ద టీవీ?" మేస్త్రీ గొంతులో దుఃఖం. వెంటనే తలెత్తి బాల్కనీ పైకప్పు చూశాడు. "పోనీ, పాప చదువుకుంటాది గదా, ఈడ పైన చిన్న ఫాల్స్ సీలింగు..."

"భాయ్!" అన్నాం అందరం.

పని పూర్తయ్యేసరికి మాకు పెద్ద సోఫా రాలేదు. అవ్వకు వంటింట్లో ఒక మూల నేల పొయ్యి, వీపుకు గోడ వచ్చాయి. అమ్మకు పైకి లాగే తీగలు వచ్చాయి. నాకు నల్లని కడప బండ అరుగు వచ్చింది. ఎండాకాలం పొద్దున్నే కూర్చుంటే చల్లగా ఉంటుంది. సాయంత్రం చెంబుడు నీళ్లు చల్లి, ఆరాక కూర్చోవాలి.

అయితే ఒకటి నేను ఆలోచించలేదు. అరుగంటే అందరిదీ. మొదటి రోజే అవ్వ వచ్చి, ఒక కొసన కాళ్లు చాపుకుని, ఏరు చూస్తూ ఊర్లోవాళ్ల సంగతులు మొదలుపెట్టింది. నాయన రోజూ అంగడి నుంచి రాగానే, "కొంచెం లేస్తావా పాపా, నీళ్లు చూసుకోవల్ల" అంటాడు. అన్నిటికంటే మించి, తీగలు పైకి పోయాక దుప్పట్ల చాటు పోయింది. హాల్లోంచి చూస్తే నేనూ, నా పుస్తకమూ, అట్ట మీది బొమ్మతో సహా కనబడతాం. కింది ఆంటీ ఒకసారి గుమ్మంలోంచే అడిగింది, "ఏం చదువుతాండావు?" అని. మూసెయ్యబోయి, ఆగి, పేరు చెప్పాను. అంతకంటే ధైర్యం ఇంకా రాలేదు.

అందుకని అప్పుడప్పుడు, ఉతికే బట్టలు లేని రోజుల్లో కూడా, తడపని దుప్పటి ఒకటి తీసుకెళ్లి, తీగను కిందికి దించి, అరుగుకు అడ్డంగా ఆరేస్తాను.

మొన్న నాయన దాన్ని పట్టుకుని చూశాడు. "ఏందిది, పెళపెళలాడతాండాది. తీసి లోపల పెట్టల్లనా?"

అమ్మ వంటింట్లోంచి, తల కూడా బయట పెట్టకుండా చెప్పింది.

"ఇంగా ఆరలేదులే. ఇంకొంచేపు ఉండనీ."